నీళ్ళలో సాగిన వరి చచ్చింది, సాగనిది బతికింది: ఎందుకు?

కోనసీమ_చేను · రాత్రి 8:40

నమస్కారమండి. మాది కోనసీమలో పల్లపు భూమి. ఈ సార్వాలో ఊడ్పులు అయ్యి పిలకలు వేసే టైముకి వానలు పట్టుకున్నాయి. మురుగు కాలువ పొంగి చేను మొత్తం మునిగింది, ఆకు కొస కూడా కనిపించలేదు. నీళ్ళు దిగేసరికి వారం దాటింది. మేం వేసింది మామూలు స్వర్ణ. గట్టుకి అవతల మా బాబాయిగారు స్వర్ణ సబ్1 వేశారు. నేల ఒకటే, ముంపు ఒకటే.

నీళ్ళు కాస్త తేటపడ్డాక చూస్తే మా మొక్క బాగా పొడుగు సాగింది. బాబాయిగారిది ఎక్కడిది అక్కడే ఉంది. ఊళ్ళో అందరూ మాదే నిలబడుతుందన్నారు. తీరా నీళ్ళు దిగాక మాది పడిపోయి, ఆకు పాలిపోయి, మొదలు మెత్తబడి కుళ్ళింది. ఆయన చేను కొత్త ఆకు వేసింది. పెరిగిన మొక్క చచ్చి, పెరగనిది బతకడం ఏమిటండీ? ఎరువుల షాపులో అడిగితే "అది గవర్నమెంటు విత్తనం కదా" అన్నారు. అది జవాబు కాదు. తెలిసినవారు వివరంగా చెప్పండి.


మొక్కలమాట · రాత్రి 9:25

మీ మొక్క పెరిగినందుకే చచ్చిందండి. వరి శరీరధర్మ శాస్త్రంలో పని చేస్తున్నాను కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

మొక్క మునిగిన సంగతి కణాలకు ఒక గ్యాసు ద్వారా తెలుస్తుంది. దాని పేరు ఇథిలీన్. మొక్కలు దీన్ని ఎప్పుడూ కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటాయి. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం దీనికి మూలం. దాన్నుంచి వచ్చిన పదార్థాన్ని ఏసీసీ సింథేజ్ అనే ఎంజైము ఏసీసీగా మారుస్తుంది, ఏసీసీ ఆక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము ఆ ఏసీసీని ఇథిలీన్‌గా మారుస్తుంది. మామూలు రోజుల్లో అది ఆకులోంచి గాలిలోకి పోతుంది. నీళ్ళలో గ్యాసులు వ్యాపించే వేగం గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు తక్కువ. అందుకని మొక్క మునగగానే ఇథిలీన్ బయటికి పోయే దారి లేక కణాల్లోనే పేరుకుంటుంది. మొక్క ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే, గంటల్లోనే "మునిగాం" అనే కబురు కణకణానికీ అందుతుంది.

ఆ కబురు అందాక ఏం చేయాలన్న దగ్గరే మీ స్వర్ణకి, మీ బాబాయిగారి స్వర్ణకి తేడా. మామూలు స్వర్ణలో ఇథిలీన్ పెరిగితే, పెరుగుదలను పట్టి ఉంచే అబ్‌సిసిక్ ఆమ్లం తగ్గుతుంది, మొక్కను సాగదీసే హార్మోను జిబ్బరెల్లిన్ పని పెరుగుతుంది. కాండం, ఆకు సాగుతాయి. సాగడానికి శక్తి కావాలి కాబట్టి అమైలేజ్ ఎంజైములు దాచిన పిండిని చక్కెరగా విరగ్గొడతాయి. ముంపు లోతు తక్కువైతే ఆకు కొస పైకి తేలి గాలి అందుతుంది, అప్పుడు ఈ పద్ధతి మంచిదే. మీ చేలోలాగా లోతుగా మునిగి వారం పైన ఉంటే మాత్రం ఆకు పైకి రాకముందే పిండి అయిపోతుంది. నీళ్ళు దిగేసరికి కొత్త ఆకు వేయడానికి లోపల ఏమీ మిగలదు. సాగిన కాండం సన్నగా ఉంటుంది, నీటి ఆసరా పోగానే పడిపోతుంది.

సబ్1 రకంలో సబ్1ఎ అనే జన్యువు ఉంది. దాన్ని మేల్కొలిపేది కూడా ఆ ఇథిలీనే. ఆ జన్యువు పని మొదలయ్యాక ఎస్ఎల్ఆర్1 లాంటి ప్రొటీన్లు పెరిగి జిబ్బరెల్లిన్‌ను అడ్డుకుంటాయి. సాగడం ఆగిపోతుంది, పిండి మిగులుతుంది.


పంటకాలువ · రాత్రి 9:50

బాగా చెప్పారు. అంటే మామూలు స్వర్ణ చేసింది కరువు రోజుల్లో విత్తనాల గింజలు వండుకు తిన్నట్టు అన్నమాట.

మా నాన్నగారి కాలంలో ముంపు నేలల్లో పొడుగు రకాలే వేసేవారు. నీళ్ళతో పాటు ఎదిగేవి. దిగుబడి తక్కువైనా ఇంటి తిండికి వచ్చేది. స్వర్ణ వచ్చాక అవన్నీ పోయాయి.


లక్ష్మి_బోటనీ · రాత్రి 10:15

డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. దీని చరిత్ర కొంత మన నేలదే కాబట్టి ఇక్కడ రాయకుండా ఉండలేను.

స్వర్ణ అసలు పేరు ఎంటీయూ 7029. ఆ ఎంటీయూ అంటే మన పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు. అక్కడి వరి పరిశోధన స్థానం ఇచ్చిన రకం అది. ఒడిశా, బెంగాల్, బీహార్ పల్లపు నేలల దాకా వెళ్ళి కోట్ల మంది అన్నం అయింది. దాని పెద్ద లోపం ఏమిటంటే, పూర్తి ముంపుకి తట్టుకోదు.

ముంపుకి తట్టుకునే గుణం పక్కనే ఒడిశాలో ఉంది. అక్కడి ఒక నాటు రకం నుంచి ఏరి తీసిన ఎఫ్‌ఆర్13ఎ పూర్తిగా మునిగినా బతుకుతుంది. పేరులోని ఎఫ్‌ఆర్ అంటే వరదను తట్టుకునేదని. గింజ నాణ్యత, దిగుబడి బాగుండవు కాబట్టి దాన్ని నేరుగా ఎవరూ వేయరు. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ ఆ గుణం ఎక్కువ భాగం తొమ్మిదో క్రోమోజోములో ఒక చోట ఉందని చూపించారు. 2006లో వాళ్ళిద్దరూ, పమేలా రొనాల్డ్, జూలియా బెయిలీ-సెరెస్ బృందాలతో కలిసి అందులో సబ్1ఎ జన్యువును పట్టుకున్నారు. దాన్ని స్వర్ణలోకి తెచ్చే పని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగింది. 2007లో ఆ పద్ధతిని వివరించిన పరిశోధన పత్రంలో మొదటి పేరు సి.ఎన్. నీరజ గారిది, మన హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది.

ఒడిశా నాటు వరి గుణం, గోదావరి స్వర్ణ గింజ. ఈ రెండూ కలిసిన మొక్క కోనసీమలో ఒక చేను నిలబెట్టిందంటే ఎంత సంతోషంగా ఉందో!


వెంకట్_బయోటెక్ · రాత్రి 10:40

మేడం, ఎంఎస్సీ స్టూడెంట్‌ని. ఒక డౌట్. మొక్క మునిగితే అసలు ఇబ్బంది ఆక్సిజన్ కొరత కదా. అలాంటప్పుడు ఆక్సిజన్ తగ్గడమే కబురు కావాలి. మధ్యలో ఇథిలీన్ ఎందుకు? మా క్లాసులో ఎన్-డెగ్రాన్ పాత్‌వే చెప్పారు, అందులో ఆక్సిజనే ముఖ్యం.


మొక్కలమాట · రాత్రి 11:20

మంచి డౌట్. ఆక్సిజన్ తగ్గడం కూడా కబురే, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే మొక్క మోసపోతుంది. పగటి పూట నీళ్ళలో కూడా వెలుతురు అందితే ఆకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. కాబట్టి మునిగినా పగలు ఆక్సిజన్ ఉండొచ్చు, రాత్రికి పడిపోతుంది. ఇథిలీన్‌కి పగలూ రాత్రీ తేడా లేదు. మునిగితే పేరుకుంటుంది, తేలితే పోతుంది. అందుకే నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ గ్యాసే. ఎంజైములన్నీ దాని వెనకే నడుస్తాయి.

నువ్వు చెప్పిన ఎన్-డెగ్రాన్ దారి కూడా ఇందులో భాగమే. మిగతావారి కోసం వివరంగా రాస్తాను. ఆక్సిజన్ లేనప్పుడు పనికొచ్చే జన్యువులను నడిపే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి, ఈఆర్ఎఫ్-7 గుంపు అంటారు. మామూలు గాలిలో కణం వీటిని తయారుచేస్తుంది, వెంటనే పాడుచేస్తుంది కూడా. ఆ ప్రొటీన్ కొసన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. సిస్టీన్ ఆక్సిడేజ్ ఎంజైములు ఆక్సిజన్ వాడుకుని దాన్ని మారుస్తాయి, అది చూసి కణంలోని యంత్రాంగం ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది. ఆక్సిజన్ లేకపోతే ఆ మార్పు జరగదు, ప్రొటీన్ నిలుస్తుంది, పని మొదలవుతుంది.

ఆ ప్రొటీన్ పాడవాలంటే ఆక్సిజన్ ఒక్కటే చాలదు, నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఉండాలి. ఇది ఈ కథలో రెండో గ్యాసు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు 2019లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చూపించినదేమిటంటే, ఇథిలీన్ పేరుకోగానే ఫైటోగ్లోబిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. ఇది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి చుట్టం. అది కణంలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను ఊడ్చేస్తుంది. అప్పుడు ఆక్సిజన్ ఇంకా ఉండగానే ఈఆర్ఎఫ్ ప్రొటీన్లు నిలదొక్కుకుంటాయి. తరువాత ఆక్సిజన్ నిజంగా పడిపోయేసరికి మొక్క సిద్ధంగా ఉంటుంది. ముందే ఇథిలీన్ ఇచ్చిన మొక్కలు ఆ తరువాత ఆక్సిజన్ కొరతను బాగా తట్టుకున్నాయి.

వరిలోని సబ్1ఎ కూడా ఈ గుంపు ప్రొటీనే, కానీ అది ఎన్-డెగ్రాన్ దారికి దొరకదు. ఇథిలీన్ పిలిస్తే వస్తుంది, ఆక్సిజన్ ఉన్నా పాడవదు. ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ఈ విషయం పట్టుకో తమ్ముడూ, చాలా పని మిగిలి ఉంది.


అత్తిలి_అనసూయ · మర్నాడు ఉదయం 6:55

నాకు సైన్సు అంతగా రాదు. ఇథిలీన్ అంటే మామిడిపళ్ళు మగ్గబెట్టే గ్యాసేనా? పేపర్లో చదివిన గుర్తు.


లక్ష్మి_బోటనీ · ఉదయం 7:30

అదేనండి. మామిడికాయల్ని గడ్డిలో మూసిపెడితే త్వరగా పండేది కాయలు వదిలిన ఇథిలీన్ అక్కడే నిలిచిపోవడం వల్లే. కార్బైడ్ వేస్తే వచ్చే ఎసిటిలీన్ కూడా ఇలాగే పని చేస్తుంది, కానీ అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి కాబట్టి నిషేధించారు. దాని బదులు గదుల్లో 100 పీపీఎం లోపు ఇథిలీన్ వాడటానికి అనుమతి ఉంది. ఒకే గ్యాసు కాయను పండిస్తుంది, ఆకును రాలుస్తుంది, మునిగిన వరికి కబురు చెబుతుంది. 1901లోనే నెల్యుబోవ్ అనే రష్యా శాస్త్రవేత్త సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దీపాలకు వాడే గ్యాసు తగిలి బఠానీ మొలకలు వంకర పోతున్నాయని గమనించి, కారణం ఇథిలీనేనని తేల్చారు.


సిస్టర్_సుజాత · ఉదయం 8:10

నర్సుగా పని చేస్తున్నానండి. నైట్రిక్ ఆక్సైడ్ పేరు చూసి ఆగాను. మా ఐసీయూలో పుట్టిన పిల్లలకి ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకోకపోతే దీన్నే గాలితో కలిపి పెడతారు. మొక్కల్లోనూ మనలోనూ ఇదే పని చేస్తుందా?


మొక్కలమాట · ఉదయం 9:00

అదే అణువు, సుజాత గారూ. తయారయ్యే దారి వేరు. మన కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైము ఆర్జినైన్ నుంచి దీన్ని చేస్తుంది. రక్తనాళం గోడలోని కండరం సడలుతుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కూడా ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారే పని చేస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఇలా రక్తనాళాల్లో కబురుగా పని చేస్తుందని కనుక్కున్నందుకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. మొక్కల్లో ముఖ్యమైన దారి నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైముది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు అది నైట్రైట్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తుంది.

ఒంట్లో ఇలాంటి గ్యాసు ఇంకోటి ఉంది, కార్బన్ మోనాక్సైడ్. బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసుకుంటే ప్రాణం తీసేది అదే. కణం ఒత్తిడిలో ఉన్నప్పుడు హీమ్ ఆక్సిజనేజ్-1 అనే ఎంజైము పెరిగి, రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌ను విరగ్గొట్టి మూడు చేస్తుంది: ఇనుము, ఆకుపచ్చటి బిలివర్డిన్, చాలా కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్. ఆ కొద్దిపాటి గ్యాసు వాపును తగ్గించే కబురుగా పని చేస్తుంది. దెబ్బ తగిలి కమిలిన చోట మొదట నల్లగా, తరువాత ఆకుపచ్చగా, తరువాత పసుపుగా మారడం చూస్తారు కదా, ఆ ఆకుపచ్చ ఈ ఎంజైము పనే. పసుపు ఆ బిలివర్డిన్ నుంచి వచ్చే బిలిరుబిన్‌ది. వరిలోనూ హీమ్ ఆక్సిజనేజ్ ఉంది. ఎస్ఈ5 అనే ఆ జన్యువు చెడిన వరికి పగటి పొడుగు తెలియదు, ముందే ఈనుతుంది.

ముంపు దాటి చాలా దూరం వచ్చాం, ఇక్కడితో ఆపుతాను.


సిస్టర్_సుజాత · ఉదయం 9:20

ధన్యవాదాలండీ. పచ్చకామెర్ల పిల్లల్ని నీలి లైటు కింద రోజూ చూస్తాం. ఆ పసుపు ఇక్కణ్ణుంచి మొదలవుతుందని ఇవాళ పూర్తిగా అర్థమైంది.


కోనసీమ_చేను · ఉదయం 10:05

అందరికీ దండాలు. నా ప్రశ్న ఇంకోటి ఉండిపోయింది. నీళ్ళలో ఉన్నంతసేపూ మాది పచ్చగానే ఉంది. నీళ్ళు దిగి ఎండ తగిలాకే రెండు మూడు రోజుల్లో పోయింది. గాలి అందాక బతకాలి కదండీ, అప్పుడు చావడం ఏంటి?


మొక్కలమాట · ఉదయం 11:30

ఈ ప్రశ్న చాలామంది అడగరు. ముంపు దెబ్బలో చాలా భాగం తగిలేది నీళ్ళు దిగాకే.

ఆక్సిజన్ లేని రోజుల్లో కణం రెండు ఎంజైములతో గడుపుతుంది. పైరువేట్ డీకార్బాక్సిలేజ్, ఆల్కహాల్ డీహైడ్రోజనేజ్. ఇవి చక్కెరను సారాగా మార్చి కాస్త శక్తి తీస్తాయి. ఒక గ్లూకోజ్‌కి వచ్చేది 2 ఏటీపీలే (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు). గాలి ఉంటే 30 దాకా వస్తాయి. అందుకే పిండి అంత త్వరగా కరిగిపోతుంది. నీళ్ళు దిగి ఒక్కసారిగా ఆక్సిజన్, ఎండ తగిలేసరికి, మిగిలిన సారా ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది కణానికి విషం. ఇంకోపక్క దెబ్బతిన్న ఆకులో ఆక్సిజన్ నుంచే సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే ఘాటు పదార్థాలు పుట్టుకొచ్చి పొరలను కాల్చేస్తాయి. వేరు ఇంకా కోలుకోలేదు కాబట్టి నీళ్ళు అందవు, ఆకు ఎండుతుంది. బురదలో నిలబడి దాహంతో ఎండుతుందన్నమాట.

ఇక్కడ పని చేసే ఎంజైములు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్. సూపర్ ఆక్సైడ్‌ను మొదటిది పెరాక్సైడ్‌గా మారుస్తుంది, మిగతా రెండూ ఆ పెరాక్సైడ్‌ను నీళ్ళుగా మారుస్తాయి. 2011లో టకేషి ఫుకావో, బెయిలీ-సెరెస్ వాళ్ళు చూపించిందేమిటంటే సబ్1ఎ ఉన్న వరి నీళ్ళు దిగాక వచ్చే ఈ కాల్పును, ఎండిపోవడాన్ని కూడా బాగా తట్టుకుంటుంది. ముంపు కోసం తెచ్చిన జన్యువు ఎండకూ పనికొచ్చింది. మీ బాబాయిగారి చేనుకి రెండు విధాలా మేలు జరిగింది.


పంటకాలువ · మధ్యాహ్నం 12:15

రైతుగా నేను చూసినవి చెబుతాను తమ్ముడూ. నీళ్ళు దిగగానే చాలామంది కంగారుపడి యూరియా చల్లేస్తారు. కొత్త ఆకు రాకముందు చల్లితే తీసుకునే వేరు ఎక్కడుంది? ముందు మురుగు పూర్తిగా తీయాలి. ఆకుల మీద ఒండ్రు ఉంటే తేటనీళ్ళు దొరికితే కడగాలి. దుబ్బుని పీకి మొదలు చీల్చి చూడు. లోపల గట్టిగా తెల్లగా ఉంటే బతికి ఉన్నట్టు. మెత్తబడి గోధుమ రంగు ఉంటే ఆశ లేదు. కొత్త ఆకు కనపడ్డాక యూరియాతో పాటు పొటాష్ వేయాలి, ఎంతన్నది మీ రైతు సేవా కేంద్రంలో అడిగి వేయి.

బతికిన దుబ్బుల పిలకల్ని విడదీసి ఖాళీల్లో నాటితే కొంతవరకు చేను నిండుతుంది. కౌలుకి చేసేవాళ్ళకి ఇది మరీ అవసరం, మళ్ళీ నారు కొనే డబ్బు ఎక్కడిది.


మొక్కలమాట · మధ్యాహ్నం 12:50

పంటకాలువ బాబాయ్, యూరియా తొందరపడి వేయకూడదన్న మీ మాట ముంపుకి ముందు కూడా వర్తిస్తుంది, దానికి ప్రయోగాల బలం ఉంది. ముంపుకి ముందు నత్రజని ఎక్కువ పడ్డ మొక్క మెత్తగా, పిండి తక్కువగా ఉండి త్వరగా పోతుంది. ముంపు వస్తుందని వాతావరణం వాళ్ళు చెబితే ఆ వారం పైపాటు యూరియా ఆపడం మంచిది.


వరంగల్_వెదసాగు · సాయంత్రం 4:20

అన్నా, మాది వరంగల్ దిక్కు. కూలీలు దొరుకతలేరని నేను వెదజల్లుడు మొదలుపెట్టిన. విత్తనం వేసిన రెండో రోజే వాన పడి మడి నిండితే మొలక వస్తలేదు. సబ్1 వేస్తే నాకు పనికొస్తదా? ఇంకో ముచ్చట, ఇది జీఎం (జన్యుమార్పిడి) విత్తనమా? మా ఊర్లో కొందరు భయపడుతున్నరు.


లక్ష్మి_బోటనీ · సాయంత్రం 5:05

జీఎం కాదు తమ్ముడూ. ఎఫ్‌ఆర్13ఎ గుణం ఉన్న వరిని స్వర్ణతో సంకరం చేసి, వచ్చిన మొక్కల్ని మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలిపి, ప్రతి తరంలో సబ్1 ఉన్న మొక్కని డీఎన్ఏ గుర్తులతో ఏరారు. వరికి వరితోనే సంకరం. సాంబ మసూరి, అదే మన బాపట్ల బీపీటీ 5204, దానికి కూడా ఇలాగే సబ్1 చేర్చారు.

మొలక విషయం మాత్రం వేరు. సబ్1 పిలకల దశలో పని చేస్తుంది. మడిలో నీళ్ళ కింద ఉన్న గింజ చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. ఉన్న పిండిని గబగబా కరిగించి మొలక కొసను పైకి పంపాలి. దానికి మయన్మార్ రకం ఖావో హ్లాన్ ఆన్‌లో ఇంకో జన్యువు దొరికింది. అది ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము తయారుచేస్తుంది. ఆ ఎంజైము ఉంటే గింజలోని పిండి మొలకకి అందుతూ ఉంటుంది. 2015లో బయటపెట్టారు. మీకు ఇప్పటికి నేల చదును చేయడం, నీళ్ళు పోయే దారి పెట్టుకోవడమే మార్గం.


వెంకట్_బయోటెక్ · సాయంత్రం 6:10

మేడం, పంటకాలువ గారు చెప్పిన నీళ్ళతో పాటు ఎదిగే పొడుగు రకాల్లో కూడా ఇథిలీనేనా?


మొక్కలమాట · సాయంత్రం 6:45

మేడం కన్నా ముందే రాస్తున్నాను. అవును, ఇథిలీనే. 2009లో జపాన్‌లోని నగోయా వారు లోతు నీటి వరిలో స్నార్కెల్1, స్నార్కెల్2 అనే జన్యువులు కనుక్కున్నారు. అవి కూడా సబ్1ఎ లాంటి ఈఆర్ఎఫ్ ప్రొటీన్లే, వాటినీ ఇథిలీనే పిలుస్తుంది. కానీ ఇవి "సాగు" అంటాయి. రోజుకి 20 సెంటీమీటర్ల పైన సాగే రకాలున్నాయి. నీళ్ళు నెలల తరబడి నిలిచే బంగ్లాదేశ్ లాంటి చోట్ల కదలకుండా కూర్చుంటే మొక్క కుళ్ళుతుంది, సాగాల్సిందే. రెండు వారాల్లో దిగే వరదకి కూర్చోవాల్సిందే.

కాబట్టి ఎవరి చేలో నీళ్ళు ఎన్నాళ్ళు ఉంటాయన్నదాన్ని బట్టి విత్తనం ఎంచుకోవాలి. పిలకల దశలో రెండు వారాల దాకా పూర్తి ముంపుకి సబ్1 సరిపోతుంది. మోకాలి లోతు నీళ్ళు నెలంతా నిలిచే చోట అంత పనికిరాదు. పూత మీద మునిగితే ఏ సబ్1 కూడా గింజని కాపాడదు.


కోనసీమ_చేను · రాత్రి 8:15

మాకు వచ్చేది వారం, పది రోజుల ముంపేనండి, ఎప్పుడూ ఊడ్పులయ్యాకే. వచ్చే సార్వాకి సబ్1 వేద్దామని ఇంట్లో అనుకున్నాం. బాబాయిగారి చేలో గింజ విత్తనానికి దాచుకోవచ్చా? ఏటా కొనాలా?


లక్ష్మి_బోటనీ · రాత్రి 8:40

దాచుకోవచ్చండి, హైబ్రిడ్ కాదు. కోతకి ముందు చేలో తిరిగి కేళీలు (కలిసిన వేరే రకం మొక్కలు) తీసేయించండి, గట్టు వారగా మీ స్వర్ణ కలిసే చోట కొన్ని వరసలు వదిలేసి మధ్యలోది కోయించండి. రెండు రకాల మొక్కలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, పొట్టు రంగులోనే తేడా: స్వర్ణది బంగారు రంగు, సబ్1ది గడ్డి రంగు. అయినా కళ్ళం దగ్గర కలిసిపోతే గింజ గింజా విడదీయడం కష్టం. బస్తాల మీద పేరు రాసి పెట్టుకోండి.


కోనసీమ_చేను · రాత్రి 8:50

అలాగేనండి. రేపే బాబాయిగారితో చెబుతాను. బతికిన దుబ్బులు ఓ మూల ఉన్నాయి, పొద్దున్నే మొదలు చీల్చి చూసి ఇక్కడ రాస్తాను.